పెంపుడు కుక్క కరిచింది, యజమాని "మాది కాదు" అంటున్నారు: నష్టపరిహారం ఎలా అడగాలి?

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఇళ్ళలో వంట పని చేసే మీ అమ్మగారిని పక్క వీధి ఇంటి కుక్క పిక్క మీద కరిచిందని, మొదటి ఇంజెక్షను నాడు ఫోన్‌పేలో డబ్బు పంపిన ఆ ఇంటివారు వారం తిరక్కుండానే "అది మా కుక్క కాదు, వీధి కుక్కకు అన్నం పెడుతున్నాం, అంతే" అని మాట మార్చారని రాశారు. పోలీసు కేసు పెడితే నష్టపరిహారం వస్తుందా, వస్తే ఎంత వస్తుంది, అసలు ఎవరిని అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. కొర్లగుంటలో మా పాపను పక్కింటి కుక్క కరిచినప్పుడు మాకూ ఇదే వాదన ఎదురై, చివరికి విషయం ఇరుపక్షాల రాజీతో తగవులు తేల్చే లోక్ అదాలత్‌లో తేలింది. నేను లాయరును కాను. ఆ దారిలో నడిచినందువల్ల తెలిసింది రాస్తున్నాను. పోలీసు కేసు యజమానిని శిక్షించడానికి, నష్టపరిహారం మీ నష్టాన్ని పూడ్చడానికి. రెండూ వేర్వేరు దారులు, ఒకటి పెట్టినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. అయితే ఆ కుక్క వాళ్ళదే అని చూపించే ఆధారం లేకపోతే రెండు దారుల్లోనూ అడుగు ముందుకు పడదు.

వైద్యం సంగతి ముందు చూసుకోండి. పిక్క మీద చర్మం చీలి రక్తం వచ్చి ఉంటే అది మూడో కేటగిరీ గాయం, అంటే రేబీస్ ప్రమాదం ఎక్కువ ఉన్న రకం. దానికి చేతికి వేసే టీకా ఒక్కటే సరిపోదు, గాయం లోపల, చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోగా రేబీస్‌ను అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలి. ఓపీ చీటీలో అది వేసినట్టు లేకపోతే ఈరోజే వెళ్ళి అడగండి, ఎందుకంటే మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపలే దాన్ని ఇస్తారు, ఆ తరువాత ఇవ్వరు. రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను చర్మంలోకి మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు ఉచితంగా వేస్తారు. కండకు వేసే పద్ధతి అయితే 14వ రోజు కూడా ఒకటి ఉంటుంది. కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉందా, చచ్చిపోయిందా, కనిపించకుండా పోయిందా అన్నది కూడా గమనించి డాక్టరుకు చెప్పాలి. ఆ పది రోజుల్లో తేదీ కనిపించేలా కుక్క ఫొటోలు తీసుకుంటే అవి వైద్యానికీ పనికివస్తాయి, తరువాత కేసుకూ పనికివస్తాయి.

ఇక చీటీలో ఏమి రాశారో చూడండి. సాధారణంగా "కుక్క కాటు" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. మా పాపను తీసుకువెళ్ళిన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అలాగే రాస్తుంటే మా ఇంటావిడ "పక్కింటి పెంపుడు కుక్క అని రాయండి సార్" అన్నది. "ఎవరి కుక్కయితే మాకెందుకమ్మా, వైద్యం ఒకటే కదా" అని ఆయన విసుక్కున్నారు. ఆయన అన్నది వైద్యం వరకు నిజమే. అయినా ఈమె కౌంటరు దగ్గర నుంచి కదలకుండా నిలబడేసరికి, "పక్కింటివారి పెంపుడు కుక్క కరిచిందని తల్లి చెప్పిన ప్రకారం" అని పైన ఒక వరుస చేర్చి సంతకం పెట్టారు. తరువాత నెలల పాటు జరిగిన వాదనలో మాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకు వచ్చింది ఆ ఒక్క వరుసే, ఎందుకంటే అది గొడవ ముదరక ముందు, కరిచిన గంటలోపు రాసినది. మీ చీటీలో అలా లేకపోయినా నష్టం లేదు. తరువాతి టీకాకు వెళ్ళినప్పుడు కాటు వివరాలు చెప్పి నమోదు చేయమనవచ్చు. పోలీసులకు ఫిర్యాదు ఇస్తే వారే ఆసుపత్రికి రాసి గాయాల సర్టిఫికెట్ తెప్పిస్తారు.

ఆ సర్టిఫికెట్‌లో గాయం సాధారణమా, తీవ్రమా అన్నది కీలకం. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షను ప్రకారం, ఎముక విరగడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం వంటివే కాక, గాయపడిన మనిషి పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం కిందికి వస్తుంది. పాత దానిలో ఈ గడువు ఇరవై రోజులుగా ఉండేది. రోజంతా నిలబడి వంట చేసే మనిషికి పిక్క మీద లోతైన కాటు అంటే పదిహేను రోజులు పని మానుకోవలసి రావడం వింతేమీ కాదు. అయితే ఆ సంగతి డాక్టరు చేతి రాతలో ఉండాలి. విశ్రాంతి తీసుకోమని నోటితో చెబితే చీటీ మీద రాయించుకోండి.

"అన్నం పెడుతున్నాం, అంతే" అన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. వీధి కుక్కకు ముద్ద వేసిన ప్రతివారూ దాని యజమాని అయిపోరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా వీధి కుక్కలకు ఆహారం పెట్టడాన్ని నేరంగా చూడవు. కాని పెంపుడు జంతువుల విషయంలో నిర్లక్ష్యాన్ని శిక్షించే న్యాయ సంహిత 291వ సెక్షను "యజమాని" అన్న మాట మీద ఆధారపడలేదు. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడమే అక్కడ నేరం. కాబట్టి కుక్కను కొన్నారా, దొరికితే తెచ్చుకున్నారా అన్నది పక్కన పెట్టి, అది రాత్రి ఎవరి కాంపౌండులో పడుకుంటుంది, దాని మెడకు బెల్టు ఎవరు కట్టారు, ఎవరు గొలుసు పట్టుకుని తిప్పుతారు, పశువుల ఆసుపత్రిలో టీకా కార్డు ఎవరి పేరున ఉంది అన్నవి వెతకండి. గేటుకు "కుక్క ఉంది జాగ్రత్త" అన్న బోర్డు ఉంటే దాన్ని ఫొటో తీయండి. బోర్డు పెట్టాం కదా, మా తప్పేముంది అని వాళ్ళు అనవచ్చు. కాని కుక్క మనుషుల మీదికి వస్తుందని వాళ్ళకు ముందే తెలుసునని చెప్పేది కూడా ఆ బోర్డే. అంతకుముందు ఆ కుక్క మరెవరినైనా, పాలు పోసే అబ్బాయినో గ్యాసు తెచ్చే అతన్నో కరిచి ఉంటే, వారి మాట మీకు చాలా బలం.

మీ చేతిలో ఇప్పటికే ఉన్న గట్టి ఆధారం ఆ ఫోన్‌పే చెల్లింపు. తమది కాని కుక్క కరిస్తే ఇంజెక్షనుకు డబ్బు ఎవరు పంపుతారు? జాలితో పంపామని వాళ్ళు అంటారు. అందుకే ఆ రోజు వాట్సాప్‌లో ఏమైనా మాటలు నడిచి ఉంటే వాటిని చెరపకుండా ఉంచండి, ఫోను మార్చకండి. కోర్టులో ఇలాంటివి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఒక ధ్రువపత్రం జత చేయాలి, అది లాయరు చూసుకుంటారు. మా పక్కింటాయన అయితే మొదటి రోజు సాయంత్రం నలుగురి ముందు "మా కుక్క ఎవుర్నీ కరవదప్పా, మీ పాపే తోక తొక్కింటాది" అన్నాడు. నెల తిరిగేసరికి అది ఆయన కుక్క కాకుండా పోయింది. ఆ మాట విన్న ఇద్దరు సాక్షులుగా నిలబడ్డారు.

పోలీసు ఫిర్యాదును కాగితం మీద, తేదీ, సమయం, చోటు, కుక్క గుర్తులు, సాక్షుల పేర్లతో రాసి ఇవ్వండి. 2024 జూలై 1 తరువాత జరిగిన కాటు కనుక పాత శిక్షాస్మృతిలోని 289వ సెక్షను కాదు, కొత్త సంహితలోని 291 వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 1,000 రూపాయలు దాటేది కాదు. నిర్లక్ష్యం వల్ల గాయం అయిందని 125వ సెక్షను కూడా చేర్చవచ్చు. గాయం తీవ్రమైనదని తేలితే దాని కింద శిక్ష మూడేళ్ళ జైలు, 10,000 రూపాయల జరిమానా వరకు వెళ్తుంది. 291 వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమే, బెయిలు మాత్రం హక్కుగా వస్తుంది. అందుచేత ఎవరినో లోపల వేయిస్తామన్న ఆశతో ఈ కేసు పెట్టకండి. స్టేషనులో "పక్కపక్క వీధులవాళ్ళు, మాట్లాడుకోండి" అని పంపేస్తే, అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీ గారికి పోస్టులో పంపి, అప్పటికీ కదలిక లేకపోతే మెజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయవచ్చు. 291 వంటి చిన్న శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి ఏడాది గడువు ఉందని గుర్తుంచుకోండి.

జరిమానా అంటే మనకు వచ్చే డబ్బు అని చాలామంది అనుకుంటారు. అది ప్రభుత్వానికి వెళ్తుంది. నేరం రుజువైతే, అందులోంచి గాని, వేరుగా గాని బాధితులకు పరిహారం ఇప్పించే అధికారం నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 395వ సెక్షను కింద కోర్టుకు ఉంది. అది కోర్టు విచక్షణ, పైగా విచారణ ముగిసేదాకా ఆగాలి. అసలైన నష్టపరిహారం సివిల్ దావాలో అడగాలి. ఎంత అన్నదానికి పట్టిక ఏదీ లేదు. మందులు, ఇంజెక్షన్లు, ఆటో ఛార్జీలు, పోయిన కూలి, తోడుగా ఉన్నవారు పని మానుకున్న నష్టం, ఆపైన నొప్పికి, మచ్చకు, భయానికి కొంత మొత్తం అని విడివిడిగా లెక్క వేసి అడుగుతారు. మీ అమ్మగారి విషయంలో ఎక్కువ మొత్తం పోయిన జీతమే అయి ఉంటుంది, దానికే కాగితం తక్కువ. ఆమె వంట చేసే ఇళ్ళవారి చేత నెలకు ఎంత ఇస్తారు, ఎన్నాళ్ళు రాలేదు అన్నది తెల్ల కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.

దావాకు అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది, కాలమూ పడుతుంది. చిన్న మొత్తాలకు ఆ దారి ఖర్చుకు తగినది కాదని నా అభిప్రాయం. ముందు లాయరు చేత ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపించి, బదులు రాకపోయినా, "మాది కాదు" అని వచ్చినా, కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవల కమిటీలో దావా వేయకముందే లోక్ అదాలత్‌లో తేల్చుకునే కేసుగా (ప్రీ-లిటిగేషన్) అర్జీ ఇవ్వండి. దీనికి కోర్టు ఫీజు లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది కనుక అర్జీ అమ్మగారి పేరునే ఉండాలి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

మేము చేసింది అదే. నోటీసు అందుకున్న పక్కింటాయన మొదటి పిలుపుకు రాలేదు. రెండోసారి బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి, కుక్క మాది కాదు అన్న పాత పాటే పాడాడు. బెంచి మీద ఉన్న జడ్జి గారు ఆసుపత్రి చీటీలోని ఆ వరుస చదివించి, "మీది కాకపోతే ఆ రోజు నుంచి దాన్ని ఎందుకు కట్టేసి ఉంచుతున్నారు" అని ఒక్క మాట అడిగారు. మేము అడిగినదానికన్నా తక్కువే వచ్చింది, కాని రెండు వాయిదాల్లో ముట్టింది. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, చెల్లించకపోతే అమలు పిటిషను వేసి రాబట్టుకోవచ్చు. దానికి ఉన్న ఒకే ఒక్క లోటు, అవతలివారు ఒప్పుకుంటేనే తేలుతుంది. ఒప్పుకోకపోతే దావా తప్పదు. అందుకే పోలీసు ఫిర్యాదు కూడా నడుస్తూ ఉండటం మంచిది, ఎఫ్.ఐ.ఆర్ ఉన్న మనిషి మాటకు దిగివచ్చినంత తొందరగా లేని మనిషి దిగిరాడు.

ఒకవేళ అది నిజంగా వీధి కుక్కే అని తేలితే బాధ్యత నగరపాలక సంస్థ వైపు మళ్ళుతుంది. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించడం స్థానిక సంస్థల పని. కమిషనరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. మీ వీధి నుంచి అంతకుముందు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏమి చేశారు అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడిగితే, తెలిసి కూడా పట్టించుకోలేదని చూపడానికి వీలవుతుంది. 2023లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడిన చోట 0.2 సెంటీమీటర్లకు 20,000 రూపాయలు అని లెక్క కట్టిన సంగతి మీరు వాట్సాప్‌లో చూసే ఉంటారు. అది ఆ రాష్ట్రాలకు, చండీగఢ్‌కు వర్తించే తీర్పు; ఇక్కడ దాన్ని ఉదాహరణగా చూపగలం గాని హక్కుగా అడగలేం. మన దగ్గర పరిహారం కోసం అమరావతిలోని హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషను) వేయడం ఒక దారి. స్థానిక సంస్థల మీద దావా అయితే ముందు నోటీసు ఇవ్వాలి, గడువులు కూడా తక్కువ కనుక ఆలస్యం చేయకుండా లాయరును కలవండి. మీకున్న ఆధారాలు చూస్తే మీరు అటు వెళ్ళవలసిన అవసరం రాదనిపిస్తోంది.

ఈలోగా ఆ ఇంటివారు పెద్దమనుషులను పంపి ఎంతో కొంత చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం అడగవచ్చు. 28వ రోజు టీకా పడి, గాయం మానే వరకు "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద అమ్మగారి చేత సంతకం పెట్టించకండి. డబ్బు ఇస్తామంటే తీసుకోండి, అది వైద్య ఖర్చు కింద ముట్టినట్టు మాత్రమే రసీదు రాసి ఇవ్వండి, వీలైతే మొదటిసారి లాగే ఫోన్‌పేలోనే పంపమనండి.