బోల్తా పడ్డ కథలు ముందు వినండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 41 ఏళ్ళు, ఈత కొద్దిగా వచ్చు, నదిలో కయాకింగ్, అంటే ఒక్కరే కూర్చుని ప్యాడిల్‌తో, అదే తెడ్డుతో, సన్నటి పడవ నడపడం, చేయాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక, కానీ వీడియోల్లో ఆడవాళ్ళందరూ భయమంటే ఏంటో తెలీనట్టు కనిపిస్తున్నారు, నాలాంటివాళ్ళు మొదలుపెట్టారా, ఆడవాళ్ళ గ్రూప్‌తో వెళ్తే నిజంగా తేడా ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ. నేను 36 ఏళ్ళకి మొదలుపెట్టాను, ఇప్పటికి 9 ఏళ్ళు అయింది, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదటి రెండేళ్ళు నేను వెళ్ళిన గ్రూప్‌లో ఎక్కువ మంది మగవాళ్ళే. మంచివాళ్ళు, ఓర్పుగా నేర్పించారు, వాళ్ళ మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. కాకపోతే సాయంత్రం ఒడ్డుకి చేరాక చెప్పుకునే కథలన్నీ ఒకేలా ఉండేవి, ఎంత పెద్ద ర్యాపిడ్, అంటే బండల మధ్య నీళ్ళు ఉరకలేసే చోటు, నీళ్ళు ఎంత ఎత్తు లేచాయి, ఎలా దూసుకొచ్చాం, అంతే. నేను వింటూ నవ్వుతూ కూర్చునేదాన్ని. నా దగ్గర అలాంటి కథ లేదు, నా దగ్గర ఉన్నది ఎవరికీ చెప్పలేని కథ.

అదేంటంటే, నదిలో పెద్ద బండ ఉంటే దాని వెనకాల నీళ్ళు నెమ్మదిగా ఎగువకి తిరిగి వస్తుంటాయి, దాన్ని ఎడ్డీ అంటారు, మనం ఆగి ఊపిరి తీసుకునే చోటు అది. ఆ నెమ్మది నీళ్ళకీ పక్కన పరిగెత్తే ప్రవాహానికీ మధ్య ఒక గీతలా కనిపిస్తుంది. ఎడ్డీలోంచి బయటికొచ్చి ఆ గీత దాటేటప్పుడు కయాక్‌ని దిగువ వైపుకి వంచాలి, ఎగువ వైపు అంచు పైకి లేవాలి. నేను ప్రవాహం తగలగానే భయపడి సరిగ్గా దానికి ఉల్టాగా ఎగువకి వాలాను. నీళ్ళు ఆ అంచు మీదకెక్కి రెప్పపాటులో తిప్పేశాయి. తలకిందులుగా, చెవుల్లో గుడగుడ, కళ్ళు తెరిస్తే మసక పచ్చదనం తప్ప ఏమీ లేదు, చేతులు ప్యాడిల్‌ని వదలట్లేదు, కాళ్ళు లోపల ఉన్నాయి. ఎలా బయటికొచ్చానో ఇప్పటికీ పూర్తిగా గుర్తులేదు. మోకాలు గీసుకుపోయింది అంతే, పెద్ద దెబ్బేం కాదు. అందరూ ఏం పర్లేదు బాగానే వచ్చావ్ అన్నారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత 7 నెలలు కయాక్ ముట్టుకోలేదు, ఎవరైనా అడిగితే పని ఎక్కువుందని చెప్పేదాన్ని.

మళ్ళీ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది ఒక ఆడవాళ్ళ ట్రిప్. ఆరుగురం. అందరికంటే పెద్దావిడకి 58 ఏళ్ళు, మేమంతా అక్కా అనే పిలుస్తాం, పేరు ఇక్కడ రాయను. రాత్రి టెంట్లు వేసుకుని మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఆవిడ ఒక కథ మొదలుపెట్టింది, నేను ఇంకేదో ర్యాపిడ్ గొప్ప అనుకున్నా. కాదు, తను ఇరుక్కుపోయిన కథ. కయాక్‌లో కూర్చున్నాక నీళ్ళు లోపలికి రాకుండా నడుముకీ కయాక్ అంచుకీ కలిపి బిగించే రబ్బరు గుడ్డ ఉంటుంది, స్ప్రే స్కర్ట్ అంటాం, దాని ముందు భాగంలో ఒక లూప్ ఉంటుంది, బోల్తా పడితే అది పట్టుకుని లాగితేనే స్కర్ట్ ఊడి మనం బయటికి జారతాం. ఆ రోజు అక్క తొందర్లో లూప్‌ని స్కర్ట్ కిందే వదిలేసి బిగించేసిందట. తలకిందులయ్యాక వేళ్ళతో అంచంతా తడుముతూ పోతే నున్నగా రబ్బరే తగులుతోందిగానీ లూప్ లేదు. అది చెప్తూ ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ వేళ్ళు ఎలా పాకాయో చూపించింది, మా అందరి ఊపిరీ ఆగిపోయింది. చివరికి చెయ్యి పక్కకి తుంటి దగ్గరికి తెచ్చి, అక్కడ రబ్బరుని గుప్పిట్లో నొక్కి పట్టి పక్క నుంచి ఊడబీకిందట. ఒడ్డున కూర్చుని చాలాసేపు ఏడ్చాను అంది, మామూలుగా, రేపు వర్షం పడేలా ఉంది అన్నట్టు.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పక్కనున్నావిడ తనది చెప్పింది, ఆ తర్వాత ఇంకొకావిడ, అలా నా వంతు వచ్చింది. 7 నెలల్లో మొదటిసారి నోరు విప్పాను. నేను ఓదారుస్తారేమో అనుకున్నా, అక్క ఒక్కటే అడిగింది, "ఏ వైపు వాలావ్?" అని. ఎగువకి అన్నాను. "మరి తిప్పకేం చేస్తుంది" అని, రేపు పొద్దున నాతో రా అంది.

నా జీవితంలో ఇంత చిన్న ప్రశ్న ఇంత బరువు దించడం నాకు గుర్తులేదు. అప్పటిదాకా నేను పిరికిదాన్ని, ఇది నాకు సరిపడదు అనుకుంటూ ఉన్నా. ఆవిడ అడిగాక అది ఒక వైపు వాలడం అయిపోయింది, దిద్దుకోగలిగిన విషయం అయిపోయింది. అందుకే మీకు చెప్తున్నా, గ్రూప్ వెతుక్కునేటప్పుడు వాళ్ళు ఎంత పెద్ద నదులు చేశారో అడక్కండి, బోల్తా పడ్డప్పుడు ఏమైందో అడగండి, ఆ కథ వివరంగా చెప్పేవాళ్ళు ఉన్న చోటే చేరండి.

పొద్దున ఒడ్డు దగ్గర కదలకుండా ఉన్న మడుగులో, నడుము లోతు నీళ్ళలో, అక్క పక్కన నిలబడి ఉంటే నేను కావాలనే తలకిందులయ్యాను. పద్ధతి ఇదీ. ముందుకి వంగి ముఖం కయాక్‌కి దగ్గరగా పెట్టుకోవాలి, చేతులు బయటికి తెచ్చి పైన ఉన్న కయాక్ అడుగు మీద మూడుసార్లు కొట్టాలి, అప్పుడు లూప్ ముందుకి లాగి, చేతులు తుంటి పక్కన ఆనించి, ప్యాంటు విప్పుకున్నట్టు కయాక్‌ని కాళ్ళ మీద నుంచి తోసేయాలి. ఆ మూడు దెబ్బలు ఎందుకంటే మనసు కుదురుకోడానికి, నాకింకా టైముంది అని మనకి మనమే చెప్పుకోడానికి. లోపల లెక్కపెట్టమంది. మొదటిసారి 2 దాకా కూడా ఉండలేకపోయాను, సాయంత్రానికి 8. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నీళ్ళలోకి దిగేముందు రెండు వేళ్ళతో లూప్ తడిమి చూసుకోకుండా ఒక్కసారి కూడా కదల్లేదు, పక్కవాళ్ళ లూప్ కూడా చూస్తా, ఎవరేమనుకున్నా సరే.

ఈత గురించి అడిగారుగా. ఛాంపియన్ అవ్వక్కర్లేదు, కానీ ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి బిగబట్టి కంగారుపడకుండా ఉండగలగాలి, అది లేకపోతే ముందు స్విమ్మింగ్ పూల్‌లో కొన్ని వారాలు గడపండి. నదిలో పడితే ఈత వేరు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు దిగువ వైపు చాపి, కాలివేళ్ళు నీళ్ళ పైకి కనబడేలా పెట్టి కొట్టుకుపోవాలి, అప్పుడు బండలు తగిలితే పాదాలకి తగులుతాయి. పారే నీళ్ళలో లేచి నిలబడే ప్రయత్నం మాత్రం అస్సలు చెయ్యొద్దు, రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీళ్ళు మనిషిని ముందుకి పడదోసి లేవనివ్వవు. నీళ్ళ వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది, మోకాలి లోతే కదా అనుకునే చోటే ఇది జరిగేది. విరిగి పడ్డ చెట్లకి దూరంగా పోవాలి, కొమ్మల్లోంచి నీళ్ళు వెళ్తాయి, మనిషి వెళ్ళడు. తప్పించుకోలేని పరిస్థితి అయితే మాత్రం బోర్లా తిరిగి తల ముందు పెట్టి గట్టిగా ఈదుకుంటూ వెళ్ళి చెట్టు పైకెక్కాలి. నదికి అడ్డంగా కట్టిన చిన్న కట్టలు చూడ్డానికి ఏమీ లేనట్టుంటాయి, కింద సుడి మాత్రం మనిషిని మళ్ళీ మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, వాటి జోలికే పోవద్దు.

ర్యాపిడ్స్‌కి 1 నుంచి 6 దాకా గ్రేడ్లుంటాయి. మొదటి సంవత్సరం 1, మహా అయితే 2, ఎవరు రెచ్చగొట్టినా అంతే. వర్షాలకి నీళ్ళు పెరిగితే అదే నది అదే చోట వేరే గ్రేడ్ అయిపోతుంది, నిన్న చేశాం కదా అనే లెక్క పనికిరాదు.

ఇక మగవాళ్ళ గ్రూప్‌లో నాకు ఎవరూ చెప్పని విషయాలు, వాళ్ళకి తట్టవు కాబట్టి. బలం చేతుల్లోంచి కాదు నడుములోంచి రావాలి. మొండెం మొత్తం తిప్పి ప్యాడిల్ వేస్తే సన్నటి మనిషి కూడా రోజంతా వేయొచ్చు. మోచేతులు కిందకి, చేతులు ఎప్పుడూ ఛాతీకి ముందే ఉండాలి, చెయ్యి తల పైకి వెనక్కి పోతే భుజం జారిపోయే ప్రమాదం ఉంది. మీ చేతులు చిన్నవైతే కాడ సన్నంగా ఉన్న ప్యాడిల్ దొరుకుతుంది, అది అడగండి, నేను మూడేళ్ళు లావు కాడతో మణికట్టు నొప్పి భరించి ఇది నా బలహీనత అనుకున్నా. లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి, చెవుల దాకా లేస్తే అది మీది కాదు. ఛాతీకి తగ్గట్టు కుట్టిన ఆడవాళ్ళ కట్ ఉంటాయి, తేడా చాలా తెలుస్తుంది.

ఇంకోటి, ఇది ఎవరూ నోరు తెరిచి అడగరు. టాయిలెట్‌కి వెళ్ళాల్సొస్తుందని ఆడవాళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళు తాగరు. నేనూ చేశాను. మధ్యాహ్నానికి తలనొప్పి, ఒళ్ళు తూలడం, ఆ స్థితిలో ర్యాపిడ్ ముందు సరైన నిర్ణయం ఎలా తీసుకుంటారు చెప్పండి. మా ట్రిప్‌లో బయల్దేరేముందే ఎక్కడెక్కడ ఆగుతామో మాట్లాడుకుంటాం, నిలబడి వెళ్ళడానికి వీలుగా చిన్న గరాటు లాంటివి దొరుకుతాయి, కొందరు అవి తెచ్చుకుంటారు. పీరియడ్స్ టైమైతే మెన్‌స్ట్రువల్ కప్, అంటే లోపల పెట్టుకునే చిన్న మెత్తటి కప్పు, చాలామందికి సుఖంగా ఉంది, ప్యాడ్లు వాడేవాళ్ళు గట్టిగా మూసే సంచి తెచ్చుకుని వెనక్కి పట్టుకెళ్ళాలి, నదిలో ఏదీ వదలకూడదు.

వయసు గురించి ఒక్క మాట. 1938లో అమెరికాలో ఎల్జాడా క్లోవర్, లోయిస్ జోటర్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు చెక్క పడవల్లో కొలరాడో నది మీద గ్రాండ్ కాన్యన్ దాటారు, మొక్కల నమూనాలు సేకరించుకుంటూ. ఆ కాన్యన్ మొత్తం పడవలో దాటి ప్రాణాలతో బయటపడ్డ మొదటి ఆడవాళ్ళుగా వాళ్ళ పేరే చెప్తారు. క్లోవర్‌కి అప్పటికే 40 నిండాయి. ఆడవాళ్ళకి అది చోటు కాదని అప్పట్లో చాలామంది అన్నారు, ఎందుకంటే పదేళ్ళ ముందు 1928లో బెస్సీ హైడ్ అనే ఆవిడ భర్తతో అదే నదిలో వెళ్ళి మాయమైపోయింది, ఇద్దరూ దొరకలేదు. క్లోవర్, జోటర్ మాత్రం వెళ్ళొచ్చి, చూసిన మొక్కల గురించి 1944లో రీసెర్చ్ పేపర్ కూడా వేశారు. ఒలింపిక్స్ సంగతి చూసినా అంతే, మోకాళ్ళ మీద కూర్చుని ఒకవైపే రెక్క ఉన్న ప్యాడిల్‌తో, ఉరికే నీళ్ళలో వేలాడే గేట్ల మధ్య నుంచి పడవ నడిపే కానూ స్లాలమ్ పోటీ మగవాళ్ళకి 1972లోనే ఉంది, ఆడవాళ్ళకి టోక్యోలో గానీ రాలేదు, అదీ 2021లో జరిగింది. అందులో ఆస్ట్రేలియాకి చెందిన జెస్సికా ఫాక్స్ గోల్డ్ గెలిచినప్పుడు నేను ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే గట్టిగా అరిచాను.

మీకు నా సలహా, ఒంటరిగా వద్దు, కనీసం ముగ్గురు ఉన్నప్పుడే నీళ్ళలోకి దిగండి. మొదటి రోజు నదిలోకి కూడా వద్దు, కదలని నీళ్ళలో, పక్కన నిలబడే మనిషిని పెట్టుకుని బోల్తా పడటం నేర్చుకోండి, అది ఇష్టపడి నేర్పించే గురువు దొరికేదాకా ఆగండి. లూప్ బయటికి ఉందో లేదో మీ వేళ్ళతో మీరే చూసుకోండి. బోల్తా పడ్డాక వచ్చి నాకు చెప్పండి, ఎన్ని లెక్కపెట్టారో, ఏ వైపు వాలారో.