అక్కతో ముచ్చట: బౌలింగ్ ఆలీ దోస్తులు, మన ఊరి క్యారమ్ బోర్డు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది మిర్యాలగూడ. 2000ల మొదట్ల ఉద్యోగం మీద అమెరికా పోయిన, ఒహాయోల ఒక చిన్న టౌన్‌ల కొన్నేండ్లు ఉన్న. గుడికి పోవాలన్నా దూరమే, తెలుగు సినిమా చూడాలన్నా దూరమే, అందుకే శుక్రవారం సాయంత్రం అయిందంటే మన తెలుగోళ్ళమంతా బౌలింగ్ ఆలీకి పోయేటోళ్ళం, అంటే నున్నటి పొడుగు దారి (లేన్) మీద బరువైన బాల్ దొర్లిచ్చి చివర్ల నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట జాగ. ఒకాయనది గుంటూరు, ఒకాయనది కరీంనగర్, ఇంకొకాయనది నెల్లూరు, ఎవరికీ ఆట అంతగా రాదు కానీ అక్కడ కూసొని చెప్పుకున్న ముచ్చట్లు ఇప్పటికీ మనసులనే ఉన్నయి. నాకు బిడ్డ పుట్టిందన్న కబురు కూడా ఆడనే ఫోన్‌ల విన్న, అందరు ఆట ఆపి చప్పట్లు కొట్టిన్రు, పక్క లేన్ల ఆడుతున్న ఒక అమెరికా పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకొని ఊపిండు. ఇప్పుడు ఇంటికొచ్చేసి ఇక్కడే ఉంటున్న. వాట్సాప్ గ్రూప్ ఉంది, అండ్ల గుడ్ మార్నింగ్ ఫోటోలే. ఇక్కడ దోస్తులు లేరని కాదు, కలిస్తే పెండ్లిల కలుస్తం, లేకుంటే దినాల కాడ. ఆ బౌలింగ్ ఆలీల ఏముండె అక్కా, ఇంత యాదికొస్తది? అసొంటి జాగ ఇక్కడ పెట్టుకోవచ్చా?

జవాబు: తమ్మీ, నీ బిడ్డ పుట్టిన కబురు కాడికొచ్చి నేను కూడా ఆగిపోయిన, ఆ పెద్దాయన చెయ్యి ఊపుడు కండ్ల ముందట కనబడ్డది. మా చెల్లె టెక్సాస్‌ల ఉంటది, ఆమె ఇంటికి పోయినప్పుడు నేను కూడా బౌలింగ్ ఆలీల శానా సేపు కూసున్న, ఆడింది తక్కువ, చూసింది ఎక్కువ, అందుకే నీకు జవాబు చెప్పాలని నాకే ఆత్రంగా ఉంది.

ఆ ఆటల ఆడేది తక్కువ, కూసునేది ఎక్కువ. నువ్వు లేసి పోతవు, బాల్ ఏస్తవు, ఫౌల్ లైన్ (బాల్ ఏసేటప్పుడు దాటొద్దన్న గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 ఫీట్లు, రెండు మూడు సెకన్లల్ల బాల్ ఆడికి చేరుకుంటది. పిన్నులు మిగిలితే ఇంకో బాల్, అంతే నీ వంతు అయిపోయింది, వచ్చి కూసోవాలె. నలుగురు ఆడుతుంటే ముగ్గురు ఎప్పుడూ కూసొనే ఉంటరు. క్రికెట్‌ల ఫీల్డర్ ఆ చివర్ల ఒక్కడే నిలబడ్తడు, సినిమాల మాట్లాడితే ఎనకోళ్ళు కసురుతరు, ఇక్కడ మాత్రం ఎదురుచూసుడే పని, ఆ ఎదురుచూసే టైంలనే ముచ్చట్లు పుడ్తయి. ఇంకోటి కూడా గమనించిన, అందరు లేన్ దిక్కు చూసుకుంటనే మాట్లాడ్తరు. మన మొగోళ్ళు ఎదురుంగ కూసొని మొకంలకు చూస్తే బాధ చెప్పరు, ఉద్యోగం పోయేటట్టుందనో, నాయినకు పాణం బాలేదనో, ఇంటికి పైసలు పంపలేకపోతున్ననో చెప్పాలంటే చూపు ఎటో ఒక దిక్కు ఉండాలె. అక్కడ చూపుకు పది పిన్నులున్నయి. నువ్వు గుర్తు చేసుకో, గుంటూరాయన తన కష్టం చెప్పింది నీ మొకం చూసా, పిన్నులు చూసా?

షూస్ సంగతి కూడా చెప్పాలె, నాకు అది మస్తు నచ్చింది. కౌంటర్ కాడ నీ చెప్పులిడిచి వాళ్ళిచ్చిన షూస్ ఏసుకోవాలె, ఎర్రవీ నీలంవీ, మడమ మీద సైజు నంబర్ ఇంత పెద్దగ ఉంటది. బాల్ ఏసేటప్పుడు కాలు జారుకుంట పోవాలె కాబట్టి అడుగు నున్నగ ఉంటది, మన బయటి షూస్ తోని ఆ ఫ్లోర్ పాడైతది. కానీ మనుషుల లెక్క చూస్తే మేనేజరైనా, నిన్న ఫ్లైట్ దిగిన స్టూడెంట్ అయినా అవే కిరాయి షూస్ ఏసుకోవాలె, ఎవని కాలు చూసీ ఎవని జీతం తెల్వదు.

ఆట రానోనికి కూడా ఆడ జాగ ఉంటది. అక్కడ లీగ్‌లంటరు, టీంలు కట్టి వారం వారం ఒక్కటే రోజు ఆడేది, చాలా లీగ్‌లల్ల హ్యాండిక్యాప్ అని ఒక పద్ధతుంది. ఉదాహరణకు బేస్ (లెక్కకు ముందే పెట్టుకున్న స్కోర్) 200, నీ సగటు 120 అనుకో, తేడా 80, అండ్ల 90 శాతం అంటే 72 పాయింట్లు ప్రతి గేమ్‌కూ నీకు ముందే కలుపుతరు. అట్ల మంచిగ ఆడెటోడు కూడా నిన్ను తీసిపారేయడు, నువ్వు ఆ రోజు జర మంచిగ ఏస్తే గెలుస్తవు కూడా. అసలు ఆ లీగ్‌లే అక్కడ కూడా తగ్గిపోయినయని రాబర్ట్ పట్నం అనే అమెరికా ప్రొఫెసర్ 1995ల రాసిండు, 1980 నుంచి 1993 లోపట బౌలింగ్ ఆడెటోళ్ళు 10 శాతం పెరిగిన్రు, లీగ్‌లల్ల ఆడుడు మాత్రం 40 శాతం తగ్గిందని లెక్క చూపిండు. ఆయన దిగులంతా దాని గురించే, ఆట ఉంది, వారం వారం కలుసుడు లేదు. మీరు లీగ్ పేరు పెట్టుకోకున్నా ప్రతి శుక్రవారం తప్పకుండ పోయిన్రు చూడు, నీకు యాదికొస్తున్నది అదే తమ్మీ.

ఒక్క మాట నా దిక్కునుంచి. మా నల్లగొండల కూడా క్యారమ్ అడ్డాలుండె, క్లాక్ టవర్ దిక్కు సందులల్ల సైకిల్ షాపుల ముంగట, ఎనక గదులల్ల, వైరుకు బల్బు కిందిదాక దిగేసి బోర్డు మీద బోరిక్ పౌడర్ చల్లితే ఆ ఎలుగుల తెల్లగ మెరిసేది, స్ట్రైకర్ టక్కుమన్న సప్పుడు రోడ్డు మీదికి ఇనబడేది. అండ్ల ఆడపిల్లలం అడుగు పెట్టేది లేదు. అన్నను అన్నానికి పిల్వాలన్నా బయటనే నిలబడి ఎవరో ఒక పిల్లగాన్ని లోపటికి పంపాలె. టెక్సాస్‌ల నేను చూసింది వేరే, భార్యలు, పిల్లలు, అత్తలు అందరు ఒక్క లేన్ కాడనే. పిల్లలాడితే బాల్ లేన్ పక్కనున్న కాల్వల పడకుండ రెండు దిక్కులా అడ్డం కడ్డీలు లేపుతరు, బాల్ లేపలేని ముసలోళ్ళకు జారుడుబల్ల లెక్క ఒక స్టాండ్ పెడ్తరు, దాని మీద పెట్టి దొబ్బితే సాలు. మా చెల్లె అత్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి అట్లనే దొబ్బింది, బాల్ మెల్లగ మెల్లగ పోయి ఏడు పిన్నులు పడగొట్టింది, ఆమె నవ్వుడు ఆపలే. అందుకే నువ్వు ఏది పెట్టినా ఇంట్ల ఆడోళ్ళకు కూడా జాగ ఉండేటట్టు పెట్టు, ఇది నేను గట్టిగ అడుగుతున్న.

మిర్యాలగూడల బౌలింగ్ ఆలీ పెట్టుడంటే మాత్రం తేలిక పని కాదు. ప్రతి లేన్ ఎనక పిన్నులు ఏరి నిలబెట్టే మెషీనుండాలె, అది మొరాయిస్తే బాగు చేసే మనిషి ఊర్లనే ఉండాలె, లేన్ మీద నూనె పూత ఎప్పటికప్పుడు పట్టిస్తుండాలె. హైదరాబాద్ మాల్స్‌ల ఉన్నయి, పిల్లల సెలవులకు తీస్కపో, కానీ వారం వారం 150 కిలోమీటర్ల దాక ఎవరు పోతరు?

కాబట్టి ఆటను మార్చు, పద్ధతిని మాత్రం మార్చకు. ఎవరిదో ఒకరి షాపు మీది గది, ఒక మంచి క్యారమ్ బోర్డు, నలుగురు ఆడుతుంటే నలుగురు కూసుండాలె. ఒక్కటే రోజు, ఒక్కటే టైం, ఇద్దరే వచ్చినా గది తెరవాలె, ‘ఈ వారం వద్దులే’ అన్న మాట గ్రూప్‌ల రావద్దు. మీ కాడ వడ్లు దిగే సీజన్‌ల రైస్ మిల్లోళ్ళకు ఊపిరి సలపదు, వాళ్ళను అడిగి రోజు పెట్టు. గేమ్ 25 పాయింట్లు కదా, ఆట తక్కువొచ్చిన జోడీకి ముందే ఓ 5 ఇయ్యి, హ్యాండిక్యాప్ లెక్కనే. మందు మాత్రం ఆ గదిల పెట్టకున్రి, పెట్టిన్రంటే ఇంటోళ్ళు రారు.

ఇగ ఒహాయో దోస్తులు. వాళ్ళకు శుక్రవారం రాత్రి 8 అయితే మనకు శనివారం పొద్దున 5:30, చలికాలమైతే 6:30. ఒక్క శుక్రవారం వాళ్ళల్ల ఇద్దరు ముగ్గురిని లేన్ కాడికి పొమ్మని, ఫోన్ సీట్ల దిక్కు నిలబెట్టమని చెప్పు. నువ్వు చాయ్ పెట్టుకొని కూసో, వాళ్ళు ఆడుతరు, నువ్వు ముచ్చట పెట్టు.

ప్రశ్న: అక్కా, మాది మహబూబ్‌నగర్, డిగ్రీ చదువుతున్న. హైదరాబాద్‌ల ఫస్ట్ టైం బౌలింగ్ ఆడినం. నేను ఒక్క బాల్‌కే పది పిన్నులు పడగొట్టిన, స్క్రీన్ మీద ఇంటూ గుర్తు వచ్చింది కానీ మార్కులు రాలే, మెషీన్ ఖరాబా?

జవాబు: ఖరాబ్ కాదురా. ఒక్క బాల్‌కే పది పడితే స్ట్రైక్, దానికి 10తో పాటు నువ్వు తర్వాత ఏసే రెండు బాల్స్ పాయింట్లు కూడా కలుస్తయి, అవి ఏసేదాక మెషీన్ ఆగుతది. రెండు బాల్స్‌ల పది పడితే స్పేర్, దానికి తర్వాతి ఒక్క బాల్ కలుస్తది. మొత్తం 10 ఫ్రేములు, అంటే ఒక్కొక్కరికి పది వంతులు, వరుసగ 12 స్ట్రైక్‌లు కొడితే 300, అంతకు మించి లేదు. ఈ లెక్క వల్లనే చివరి ఫ్రేముల కూడా ఎనకబడ్డోడు పైకొస్తడు, అందుకే ఎవ్వరూ మధ్యల లేసి పోరు. పిన్నులు నిలబెట్టే మెషీన్లు 1950లల్ల వచ్చినయి, అంతకు ముందు పిల్లగాళ్ళు లేన్ చివర్ల కూసొని ప్రతిసారి పిన్నులు చేతులతోని నిలబెట్టెటోళ్ళు.

ప్రశ్న: అమ్మా, మేం వనపర్తిల ఉంటం. మా అపార్ట్‌మెంట్ ఆడోళ్ళం పది మందిమి సాయంత్రం కింద కుర్చీలేసుకొని కూసుంటం, ఫోన్లు చూసుడే అయితుంది. క్యారమ్ పెడదామనుకుంటున్నం, ఏ బోర్డు కొనాలె?

జవాబు: తప్పకుండ కొనున్రి. పిల్లల చిన్న బోర్డు వద్దు, లోపలి ఆట జాగ 74 సెంటీమీటర్లుండే పూర్తి సైజుదే తీస్కోన్రి, స్ట్రైకర్ 15 గ్రాములు దాటొద్దు. బోర్డును నేల మీద పెట్టకున్రి, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు రెండో రోజే రారు, స్టాండ్ మీద పెట్టి సుట్టూ కుర్చీలెయ్యున్రి. తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి, ఒక ఎర్రది, లెక్క చూసి డబ్బా మూత పెట్టే పని రోజుకొకరికి అప్పజెప్పున్రి. మొదటి వారం మీల ఎవ్వరితోని మాట్లాడకుండ మూలకు కూసునే ఆమెకు ఇయ్యున్రి ఆ డబ్బా.