మోసాల నివారణ గ్రాంటుకు దరఖాస్తు రాస్తున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. రాష్ట్ర ఆహార సహాయ విభాగంలో చేరి ఏడాది తిరగకముందే అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు తిండి సరుకుల కోసం సాయమిచ్చే స్నాప్ పథకంలో, మోసాల నివారణ గ్రాంటుకు దరఖాస్తు రాసే పని నీ చేతికి వచ్చిందని చదివి సంతోషించాను. ఇరవై రెండేళ్లు ఆ బల్లల దగ్గరే పనిచేసినదాన్ని, ఈ విషయంలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఓపికగా చదువు.

ఫారం తెరవకముందే నీ మనసులో మూడు మాటలను వేరువేరుగా పెట్టుకో: పొరపాటు, దొంగతనం, మోసం. దరఖాస్తులు చాలావరకు ఇక్కడే చెడిపోతాయి. 2024 ఆర్థిక సంవత్సరానికి దేశం మొత్తం మీద స్నాప్ చెల్లింపుల తప్పు రేటు 10.93 శాతం. చాలామంది దీన్ని మోసం రేటు అనుకుని మొదటి పేరాలోనే రాసేస్తారు. అందులో ఎక్కువ ఇచ్చినవీ ఉన్నాయి, ఇవ్వాల్సిన దానికన్నా తక్కువ ఇచ్చినవీ ఉన్నాయి. అర్హత తేల్చే అధికారి ఒక కుటుంబం ఆదాయాన్ని తప్పుగా నమోదు చేసినా, ఒక తల్లి ఉద్యోగం మారిన సంగతి ఆలస్యంగా చెప్పినా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ అంకెను మోసానికి రుజువుగా చూపావంటే, దరఖాస్తు పరిశీలించేవారికి నీ మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

దొంగతనం వేరే సంగతి. దుకాణంలో కార్డు గీకే యంత్రానికి దొంగ పరికరం తగిలించి, స్నాప్ సాయం జమయ్యే ఈబీటీ కార్డు వివరాలు కాజేసి, ఒకటో తారీఖు అర్ధరాత్రి దాటగానే నెల సాయమంతా ఊడ్చేస్తారు. ఇక్కడ లబ్ధిదారు బాధితురాలు. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం ఇలా పోయిన సాయాన్ని కేంద్ర నిధులతో తిరిగి ఇచ్చేవారు. 2024 డిసెంబరు 20 తర్వాత జరిగిన దొంగతనాలకు ఆ వెసులుబాటు లేకుండా పోయింది. కాబట్టి కార్డు భద్రత గురించి నువ్వు రాసే ప్రతి వాక్యం వెనుక, వంట గదిలో ఖాళీ డబ్బాలు చూసుకుంటున్న ఒక ఇల్లు ఉందని గుర్తుంచుకో.

ఇక మోసం. తెలిసి తెలిసి అబద్ధం చెప్పి సాయం పొందడం, లేదా కార్డులోని సాయాన్ని నగదుకు అమ్ముకోవడం. ఇందులోనూ ఒక గీత ఉంది. దుకాణదారుల మీద చర్య కేంద్ర వ్యవసాయ శాఖలోని ఆహార, పోషకాహార సేవా విభాగం చూసుకుంటుంది. లబ్ధిదారుల వైపు మోసం రాష్ట్రం బాధ్యత. దుకాణాల మీద నిఘాకు డబ్బు అడిగే ముందు ఆ పని ఎవరిదో చూసుకో.

ఆ కేంద్ర విభాగం 2018లో విడుదల చేసిన మోసాల నివారణ మార్గదర్శక చట్రాన్ని ఒకసారి మొత్తం చదువు. అందులో ఏడు భాగాలున్నాయి: సంస్థాగత నిర్వహణ, పనితీరు కొలత, లబ్ధిదారులకు అవగాహన, మోసాల గుర్తింపు, దర్యాప్తు, సమాచార విశ్లేషణ, సిబ్బంది శిక్షణ. ఏడింటినీ పట్టుకోవాలనుకోకు. మీ కార్యాలయంలో ఏది కుంటుతోందో అది ఒకటి, మహా అయితే రెండు తీసుకో.

నేను రాసిన మొదటి దరఖాస్తు ఇందుకు విరుద్ధంగా నడిచింది. కుంటుతున్నది దర్యాప్తు అయితే, విశ్లేషణ సాఫ్ట్‌వేర్ కోసమే డబ్బంతా అడిగాను, వచ్చింది. యంత్రం అనుమానాస్పద కేసుల జాబితాలు దొంతరలుగా ఇవ్వడం మొదలుపెట్టింది. చూడడానికి ఉన్నది ముగ్గురు దర్యాప్తు అధికారులు. జాబితాలు పేరుకుపోయాయి, పాతబడ్డాయి. అంతకన్నా బాధ కలిగించినది ఇంకొకటి. ఆ జాబితాలో పై వరసలో ఒక వృద్ధురాలి పేరుండేది. నెల సాయమంతా ఒకే చిన్న దుకాణంలో, రెండు రోజుల్లో, పెద్ద మొత్తాల్లో ఖర్చు. యంత్రం లెక్కలో అది కార్డు అమ్ముకునేవాళ్ల తీరు. మా అధికారి ఇంటికి వెళ్లి చూస్తే, ఆమె నడవలేదు. ఆ దారిలో ఉన్న దుకాణం అదొక్కటే, పొరుగింటావిడ తన కారులో నెలకొకసారి తీసుకెళ్తుంది. ఆ అధికారి వెళ్లకపోయి ఉంటే ఆమెకు ఆరోపణ పత్రం వెళ్లేది.

మిషిగన్ నిరుద్యోగ భృతి విభాగం అనుభవాన్ని నీ పై అధికారులకు చెప్పు. 2013 నుంచి 2015 వరకు అక్కడ మిడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మనిషి పరిశీలన లేకుండానే మోసం నిర్ధారణలు చేసింది. దాదాపు 40,000 మంది మీద ఆ ముద్ర పడింది. తర్వాత 22,000కు పైగా కేసులను తిరిగి చూస్తే 93 శాతం తప్పని తేలింది. అప్పటికే జీతాల్లోంచి, పన్ను వాపసుల్లోంచి డబ్బు పట్టేశారు. అది మన పథకం కాదు, కానీ నువ్వు అడగబోయే పరికరం అలాంటిదే. అందుకే నీ దరఖాస్తులో ఒక మాట స్పష్టంగా ఉండాలి: యంత్రం అనుమానం మాత్రమే చెబుతుంది, మనిషి చూడనిదే ఎవరికీ నోటీసు వెళ్లదు. ఆ చూసే మనిషి జీతానికి బడ్జెట్‌లో పద్దు ఉండాలి. పద్దు లేకపోతే ఆ మాట కాగితం మీదే ఉండిపోతుంది.

పనితీరు కొలతల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండు. ‘ఎంతమందిని అనర్హులను చేశాం’ అన్న ఒక్క అంకె పెట్టావంటే, కార్యాలయం మొత్తం ఆ అంకె వెంటే పరుగెత్తుతుంది. వచ్చిన అనుమానాలెన్ని, దర్యాప్తుకు వెళ్లినవెన్ని, నిలబడినవెన్ని, నిర్దోషులని తేలినవెన్ని, ఒక్కో కేసుకు ఎన్ని రోజులు పట్టింది, ఇవన్నీ పక్కపక్కనే ఉండాలి. నిర్దోషులని తేలిన అంకెను దాచిపెట్టకు. సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దేది అదే. గత రెండేళ్ల లెక్కలు ఇప్పుడే తీసి పెట్టుకో, అవి లేకుండా మార్పు చూపించలేవు. ఉద్దేశపూర్వక ఉల్లంఘన కింద వసూలైన దానిలో 35 శాతం రాష్ట్రం ఉంచుకోవచ్చని ఎవరైనా గుర్తుచేస్తారు. దాన్ని లక్ష్యంగా రాయనివ్వకు.

అవగాహన భాగాన్ని పోస్టర్లతో సరిపెట్టకు. ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించారని తేలితే మొదటిసారి 12 నెలలు, రెండోసారి 24 నెలలు, మూడోసారి జీవితాంతం అనర్హత. ఇంత శిక్షకు స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలని నిబంధన. అయినా విచారణ వద్దనుకుంటున్నట్టు సంతకం చేసే ఫారం ఒకటి ఇంటికి వెళ్తుంది. భయపడి, ఏమిటో అర్థం కాక సంతకం పెట్టేసినవాళ్లను నేను చూశాను. ఆ ఫారాన్ని సులభమైన భాషలోకి, మీ రాష్ట్రంలో మాట్లాడే భాషల్లోకి మార్చడానికి డబ్బు అడుగు. 12 నెలల్లో నాలుగుసార్లు కార్డు పోగొట్టుకుంటే వెళ్లే ఉత్తరాన్ని కూడా తిరగరాయించు. ఇల్లు లేనివారికి, మతిమరపు ఉన్నవారికి కార్డు పోవడం మామూలు. వారిని బెదిరించే ఉత్తరం కన్నా పిన్ మార్చుకోవడం నేర్పే ఉత్తరం మేలు.

మిగతావి పనుల జాబితాలో చేర్చుకో. కేంద్ర గ్రాంట్ల నమోదు గడువు తీరలేదని చూసుకో. ఇప్పటికే రాష్ట్రం భరిస్తున్న జీతాలను గ్రాంటులోకి నెట్టకు. ఇతర విభాగాల సమాచారం కావాలంటే ఒప్పంద పత్రాలు న్యాయ విభాగానికి ఇప్పుడే పంపు, అక్కడ నెలలు గడుస్తాయి. రెండు రాష్ట్రాల్లో ఒకేసారి సాయం పొందేవారిని గుర్తించే జాతీయ వ్యవస్థలో 2027 అక్టోబరులోగా అన్ని రాష్ట్రాలూ చేరాలి. అదే పనికి నువ్వు విడిగా ఇంకో పరికరం కొనాలని రాయకుండా చూసుకో.

ముసాయిదా పూర్తికాగానే, పై అధికారులకు వెళ్లకముందు, మీ ఊళ్లోని ఒక అర్హత అధికారికి, ఒక ఉచిత న్యాయ సహాయ న్యాయవాదికి చూపించు. వాళ్లు ఎర్ర గీతలు పెట్టిన ప్రతిని నాకు పంపు. శనివారం ఉదయం ఖాళీగానే ఉంటాను, బడ్జెట్ పట్టిక ముందు పెట్టుకుని ఫోను చెయ్యి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ