పుస్తకం మీద రిపోర్ట్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు పేజీలు చదివాను. భాష బాగుంది. కానీ మొదటి అధ్యాయంలో ఇది ఉంది, రెండో అధ్యాయంలో అది ఉంది అంటూ వరసగా చెప్పుకుంటూ పోయావు. మీ టీచర్ ఆ పుస్తకం ఎప్పుడో చదివే ఉంటారు. నువ్వు దాన్ని ఎలా అర్థం చేసుకున్నావో, రచయిత మాటతో ఎంతవరకు ఏకీభవిస్తావో చూడ్డానికే ఈ పని ఇచ్చారు.

పుస్తకం దేని గురించి అన్నది వేరు, రచయిత ఏమంటున్నారన్నది వేరు. ఉదాహరణకి, అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' ప్రచురించింది. అది పురుగుమందుల గురించిన పుస్తకమని రాస్తే విషయం మాత్రమే చెప్పినట్టు. డీడీటీ లాంటి మందుల్ని విచక్షణ లేకుండా చల్లితే అవి పురుగులతో ఆగవు, నేలలోకీ నీళ్లలోకీ పక్షుల్లోకీ చివరికి మన ఒంట్లోకీ చేరతాయన్నది ఆమె వాదన. ఇది రాస్తే నీ రిపోర్ట్ మొదలైనట్టు. నీ పుస్తకానికి అలాంటి వాక్యం ఒక్కటి రాయి. కుదరకపోతే ముందుమాట, చివరి అధ్యాయం మళ్లీ చదువు. చాలామంది రచయితలు తమ వాదనను అక్కడే తేటగా చెబుతారు. ఆ వాక్యం దొరికేదాకా మిగతా రాత జోలికి పోకు.

తర్వాత ఆధారాలు చూడు. రచయిత దేని మీద నిలబడి మాట్లాడుతున్నారు? లెక్కలా, ప్రయోగాలా, పాత పత్రాలా, మనుషుల్ని అడిగి తెలుసుకున్న సంగతులా? ఎక్కడ నిన్ను ఒప్పించారు? ఎక్కడ ఒకే ఒక్క ఉదాహరణ చూపించి పెద్ద మాట అనేశారు? రిపోర్ట్‌కి ప్రాణం ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వు. 'చాలా ఆసక్తికరంగా ఉంది' లాంటి వాక్యాలు కొట్టెయ్. నచ్చలేదని రాయడానికి మాత్రం జంకకు. కారణం చెప్పి, ఏ పేజీ చూసి అంటున్నావో రాస్తే చాలు.

విమర్శించేటప్పుడు న్యాయంగా ఉండాలి. అమెరికాలో డీడీటీ వాడకాన్ని చాలావరకు నిషేధించింది 1972లో. ఆ సంగతి కార్సన్ రాయలేదని తప్పుపడితే ఎలా? అందుకే నీ చేతిలో ఉన్న పుస్తకం మీద పునర్ముద్రణ ఏడాది కాదు, మొదటి ముద్రణ ఏడాది చూసుకో. రచయిత పెట్టుకున్న పని ఏమిటో, అది చేశారో లేదో ముందు తేల్చు. తను రాయని పుస్తకానికి తనని నిలదీయకు.

సారాంశం మూడో వంతు దాటకుండా చూసుకో. చదువుతున్నప్పుడే నోట్స్ నీ మాటల్లో రాసుకో, పక్కన పేజీ నంబర్ వెయ్యి. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే తెలియకుండానే రచయిత వాక్యాలు నీ రాతలోకి వచ్చేస్తాయి. కాలేజీలో దాన్ని కాపీ అనే అంటారు. ఎన్ని పదాలు, ఏ పద్ధతి అన్నది మీ కోర్సు వాళ్లిచ్చిన కాగితంలో ఉంటుంది, అదే పాటించు.

ఈసారి పేజీలు వద్దు. వాదన చెప్పే ఆ ఒక్క వాక్యం ముందు పంపు, దాని మీద మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అక్క