పత్తి వడలితే ముందు కాండం చీల్చి చూడండి

సందేహం: రెండు వారాలు చినుకు లేదు. తర్వాత ఒక్క రాత్రి కుండపోత. మూడో రోజు ఎండ కాయగానే 80 రోజుల పత్తి అక్కడక్కడా వడలిపోయింది. ఎండు తెగులని డీలర్ మూడు మందులు కలిపి రెండుసార్లు కొట్టించాడు. తగ్గలేదు. ఏటా వాన దెబ్బకే పెట్టుబడి పెరిగిపోతోంది. ఇంకేం కొట్టాలి?

సలహా: ఇంకేమీ కొట్టకండి. మీరు రాసిన తీరు చూస్తే ఇది ఎండు తెగులు కాదు, పారావిల్ట్. బెట్ట మీదున్న నేలలో ఒక్కసారిగా నీరు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు. నీళ్లలోనే నిలబడి మొక్క దాహంతో వడలుతుంది. ఏపుగా పెరిగి కాయ బాగా పట్టిన మొక్కలే ముందు పడతాయి.

అనుమానముంటే వడలిన మొక్కను పీకి, మొదలు దగ్గర కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలుంటే తెగులు. తెల్లగా ఉంటే నీటి దెబ్బ. అర నిమిషం పని. మూడు మందులు కలిపే ముందు ఇది ఎవరూ చేయలేదు!

ముందు కాలువలు తీసి నీరు పంపేయండి. కోబాల్ట్ క్లోరైడ్ 100 లీటర్ల నీటికి 1 గ్రాము కలిపి కొడితే కొంత గుణం ఉంటుంది గానీ, వడలడం మొదలైన 24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో కొట్టాలి. మీకు ఆ గడువు దాటింది. నేల పదునుకు రాగానే ఎకరాకు 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయండి. కోలుకుంటున్న మొక్కలకు 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 10 గ్రాముల చొప్పున వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. అందులో పురుగుమందు కలపొద్దు. పూర్తిగా ఎండినవి తిరిగి రావు, వాటి మీద పైసా పెట్టొద్దు.

వాన దెబ్బ పెరిగిందన్న మాట నిజమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కురిస్తే కుమ్మరిస్తుంది. కానీ మీ ఖర్చులో వాన వాటా వేరు, డీలర్ వాటా వేరు. ఆ రెండు పిచికారీలూ వాన పెట్టించినవి కావు. వాటిలో పురుగుమందు ఉంటే మిత్రపురుగులు కూడా పోయినట్టే, ఇక తెల్లదోమ మీద కన్నేసి ఉంచండి.

వచ్చే పంటకు బోదెల మీద విత్తండి. పల్లం వైపు మురుగు కాలువ వానలకు ముందే తీయండి. మూడో విడతకని తెచ్చిన మందు ఇంట్లో ఉంటే సీలు తీయకుండా తిరిగి ఇచ్చేయండి.