విండోస్ 10 నుంచి 11కి మారితే డీటీపీ షాపులో చేతి అలవాటు తప్పుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఒంగోలులో డీటీపీ షాపు, మూడు సిస్టమ్‌లు, మూడింటిలోనూ విండోస్ 10. పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) అను తెలుగు ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తారు. 11లో రూపమంతా మార్చేశారని విన్నారు, ఆపరేటర్లకు అలవాటు తప్పి పని నెమ్మదిస్తుందేమోనని సందేహం. నెల్లూరు, కావలి వైపు ఇలాంటి షాపుల సిస్టమ్‌లు చూసేది నేనే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రంగులు, గుండ్రటి మూలలు రెండు రోజుల్లో అలవాటైపోతాయి. చెయ్యి తడబడేది మూడు చోట్ల: స్టార్ట్ బటన్, టాస్క్‌బార్, రైట్ క్లిక్. ఈ మూడూ సర్దాకే సిస్టమ్ ఆపరేటర్ చేతికి ఇవ్వండి.

స్టార్ట్ బటన్ మధ్యలోకి రావడం చూపుకి చిన్న మార్పే. కానీ మధ్యలో ఉన్న ఐకాన్ల వరుస ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ ఇరువైపులా పెరుగుతుంది, దాంతో స్టార్ట్ బటన్ కొంచెం ఎడమకు జరుగుతుంది. ఇన్నాళ్లూ మౌస్‌ని చూడకుండా ఎడమ కింది మూలకు తోస్తే చాలు, బటన్ అక్కడే ఉండేది. ఇప్పుడు ప్రతిసారీ కన్ను వెతకాలి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్ తెరిచి, అలైన్‌మెంట్ దగ్గర లెఫ్ట్ పెట్టండి. పాత మూల తిరిగొస్తుంది.

అక్కడే కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అని ఉంటుంది, దాన్ని నెవర్ చేయండి. మీ పనికి ఇది చాలా అవసరం. ఒకేసారి నలుగురు కస్టమర్ల ఫోల్డర్లు తెరిచి ఉంటే అన్నీ ఒకే పసుపు ఐకాన్ కింద దాక్కుంటాయి, ఎవరి ఫోల్డర్ ఏదో మౌస్ పెట్టి చూసుకోవాలి. నెవర్ పెడితే పేర్లతో విడివిడిగా కనిపిస్తాయి. 2021 అక్టోబర్‌లో 11 విడుదలైనప్పుడు ఈ వీలు లేదు, 2023లో తిరిగి ఇచ్చారు. మీ సిస్టమ్‌లో కనిపించకపోతే అప్‌డేట్లు వెనకబడ్డాయని అర్థం.

ఇక రైట్ క్లిక్. కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ ఒక పట్టీలో చిన్న బొమ్మలుగా మారాయి. పైగా ఆ పట్టీ ఒక్కచోట ఉండదు. స్క్రీన్ కింది భాగంలో క్లిక్ చేస్తే మెనూకి అడుగున వస్తుంది, పైన చేస్తే తలమీద వస్తుంది. మొదటి వారం కాపీ అనుకుని పక్క బొమ్మ నొక్కేది ఇందుకే. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ, పేరు మార్చడానికి ఎఫ్2 అలవాటు చేయించండి. పాత సాఫ్ట్‌వేర్లు మెనూలో చేర్చుకున్న ఆప్షన్లు (పాత విన్‌రార్‌లో ఎక్స్‌ట్రాక్ట్ లాంటివి) షో మోర్ ఆప్షన్స్ నొక్కితేగానీ రావు. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా పాత మెనూయే వస్తుంది. షిఫ్ట్ ఎఫ్10 కూడా అదే పని చేస్తుంది.

2025 చివర్లో స్టార్ట్ మెనూని మళ్లీ మార్చారు. పిన్ చేసినవి, మొత్తం ప్రోగ్రాములు ఇప్పుడు ఒకే పేజీలో కిందికి జరుపుకుంటూ చూసేలా ఉంటాయి. ఇది మెరుగే. రికమెండెడ్ భాగంలో మాత్రం ఈమధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్ కంట్లో పడతాయి. పర్సనలైజేషన్, స్టార్ట్‌లో దాన్ని ఆపేయొచ్చు. అయితే అదే స్విచ్ టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే రీసెంట్ ఫైళ్లనూ తీసేస్తుంది. ఆపరేటర్ వాటిని వాడుతుంటే అడిగి ఆపండి.

భాష బటన్ గడియారం పక్కన ఉంటుంది. అనులో టైపు చేసేటప్పుడు అక్కడ ఇంగ్లిష్ ఉండాలి. విండోస్ తెలుగు కీబోర్డ్ కూడా వేసి ఉంటే, విండోస్ కీ, స్పేస్ పొరపాటున తగిలి భాష మారుతుంది, అక్షరాలు తారుమారవుతాయి. ఫాంట్ పాడైందని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు ఆ బటన్ చూడండి.

రూపం కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ తెరిచి, సిస్టమ్ టైప్ దగ్గర 32-బిట్ అని ఉందేమో చూడండి. విండోస్ 11కి 32-బిట్ రకమే లేదు. అలాంటి సిస్టమ్‌కి అప్‌గ్రేడ్ కుదరదు, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాల్సిందే. 32-బిట్ ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో నడుస్తాయి, 32-బిట్ డ్రైవర్లు నడవవు. కాబట్టి మీ ప్రింటర్‌కీ స్కానర్‌కీ 64-బిట్ డ్రైవర్ ఉందో లేదో ముందే తేల్చుకోండి. టీపీఎం 2.0 (సిస్టమ్‌లో ఉండే భద్రతా భాగం), ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ కూడా కావాలి. టీపీఎం చాలా బోర్డుల్లో ఉంటుంది గానీ బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే బోర్డు సెట్టింగ్స్) ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని వెతకండి.

అసెంబుల్డ్ సిస్టమ్‌లో పాత లెగసీ పద్ధతిలో ఓఎస్ వేసి ఉంటే డిస్కుని ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. డేటా పోకుండా మార్చే ఎంబీఆర్ టూ జీపీటీ టూల్ విండోస్‌లోనే ఉంది. కానీ ఒకే డిస్కులో డీ, ఈ, ఎఫ్ డ్రైవులు లాజికల్ పార్టిషన్లుగా (ఒక పెద్ద పార్టిషన్ లోపల చేసిన చిన్న భాగాలుగా) ఉంటే అది ఒప్పుకోదు. మన షాపుల్లో ఎక్కువ ఆగేది ఇక్కడే. అప్పుడు డేటా బయటి హార్డ్‌డిస్క్‌కి తీసి కొత్తగా వేయడం మేలు. డిస్కు జీపీటీకి మారాక బయోస్‌లో బూట్ పద్ధతిని లెగసీ నుంచి కొత్తదైన యూఈఎఫ్ఐకి మార్చడం మరవకండి, లేకపోతే బూట్ కాదు.

మూడూ ఒకేసారి మార్చొద్దు, అదీ ముహూర్తాల సీజన్‌లో అసలు వద్దు. ముందు ఒక్కటి మార్చి పాత ఫైళ్లు ఓ పది తెరిచి ప్రింట్ తీసి చూడండి. అప్‌గ్రేడ్ చేసినదైతే నచ్చకపోతే 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీ నుంచి వెనక్కి వెళ్లొచ్చు. ఆ లోపు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తుడిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కి సరిపడని సిస్టమ్ ఉంటే దాని నెట్ తీసేసి ప్రింటింగ్‌కి మాత్రమే ఉంచండి. కస్టమర్ల పెన్‌డ్రైవులు మాత్రం దానికి పెట్టొద్దు, వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసిన ఫైలునే మీ సొంత పెన్‌డ్రైవ్‌తో అందులోకి పంపండి.