టెక్ సందేహాలు: తొలి రాత్రి రేటింగ్‌ను ఎంత నమ్మాలి?

ప్రశ్న: నాకెంతో ఇష్టమైన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కు కొత్త స్పిన్-ఆఫ్ (అదే కథాలోకంలో సాగే అనుబంధ సిరీస్) వచ్చింది. విడుదలైన కొన్ని గంటల్లోనే ప్రేక్షకుల రేటింగ్ అడుగంటింది. విమర్శకుల శాతం మాత్రం 90 దాటింది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఆ రెండు అంకెలూ వేర్వేరు విషయాలను కొలుస్తాయి. సమీక్షలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో విమర్శకుల స్కోరు 90 శాతం ఉందంటే, సమీక్ష రాసినవారిలో నూటికి తొంభై మంది సిరీస్ వైపు మొగ్గారని అర్థం. ‘పరవాలేదు’ అన్నవారికీ ‘అద్భుతం’ అన్నవారికీ అక్కడ ఒకే లెక్క. పైగా చాలా సిరీస్‌లకు విమర్శకుల చేతికి ముందుగా అందేవి మొదటి కొన్ని ఎపిసోడ్లే.

ప్రేక్షకుల రేటింగ్ విషయానికొస్తే, సగటు దగ్గర ఆగిపోకండి. సినిమాలు, సిరీస్‌లకు ప్రేక్షకులు మార్కులు వేసే ఐఎండీబీ వెబ్‌సైట్‌లో ఆ అంకెపై నొక్కితే ఒకటి నుంచి పది వరకు ఏ మార్కుకు ఎన్ని ఓట్లు పడ్డాయో కనిపిస్తుంది. ఓట్లన్నీ ఒకటి దగ్గరా పది దగ్గరా పోగుపడి, మధ్యలో పలచగా ఉంటే రెండు వర్గాలు పోటీపడి ఓట్లు గుద్దుతున్నాయని అనుమానించాలి. చూసి నిరాశపడినవారిలో చాలామంది నాలుగో అయిదో ఇచ్చి ఊరుకుంటారు. ఈ బెడద పాతదే. విడుదలకు ముందే వ్యాఖ్యలు రాసే వీలును రాటెన్ టొమాటోస్ 2019లో తీసేసింది.

నేనైతే ఎపిసోడ్‌వారీ రేటింగులు చూస్తాను. నాలుగో ఎపిసోడ్‌కు ఓటేసేవారు ఎక్కువగా అంతవరకు చూసినవారే అయి ఉంటారు. నచ్చనివారు అప్పటికే తప్పుకుంటారు కాబట్టి ఆ అంకె కాస్త పైకే ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

అభిమానుల కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏళ్ల తరబడి ప్రేమించిన కథాలోకం చేతులు మారితే మనసు కలుక్కుమనడం సహజం. అయితే తొలి స్పందనకు ఓపిక తక్కువ. 1993లో ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల వరుసలో ‘డీప్ స్పేస్ నైన్’ మొదలైనప్పుడు, అంతరిక్ష ఓడలో కొత్త లోకాలకు వెళ్లాల్సిన కథను ఒక అంతరిక్ష కేంద్రంలో కూర్చోబెట్టారేమిటని పెదవి విరిచినవారున్నారు. అలా ఒకేచోట నిలవడం వల్లే ఆక్రమణ, మతం, యుద్ధం వంటి విషయాలను తాపీగా, లోతుగా చెప్పగలిగారు. 1999 వరకు ఏడు సీజన్లు నడిచిన ఆ సిరీస్‌ను స్టార్ ట్రెక్‌లో అత్యుత్తమమని వాదించే అభిమానులు ఈరోజు ఎందరో. మొదటి వారం రేటింగ్ చూసి ఇదంతా ఎవరు ఊహించగలరు?

ప్రశ్న: కొత్త సిరీస్ చవకబారు వీడియోలా ఉందని చాలామంది అంటున్నారు. నా టీవీలోనూ అలాగే కనిపిస్తోంది. తీయడంలో లోపమా?

జవాబు: తీసినవారిని తప్పుపట్టే ముందు మీ టీవీ సెట్టింగులు చూడండి. ఇలాంటి సిరీస్‌లను సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. చాలా టీవీలు మధ్యమధ్య తామే కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. దాంతో ఖరీదైన సెట్టు కూడా అట్టముక్కలా తేలిపోతుంది. దీన్ని ఎల్‌జీ ‘ట్రూమోషన్’ అంటుంది, సోనీ ‘మోషన్‌ఫ్లో’ అంటుంది. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది ఎంచుకుంటే చాలు, ఈ కల్పన ఆగిపోతుంది. బొమ్మ చీకటిగా అనిపిస్తే గదిలో వెలుతురు తగ్గించి చూడండి. అప్పటికీ నచ్చకపోతే ఆ విమర్శ న్యాయమైనదే.

ప్రశ్న: ఎపిసోడ్ చూడకముందే కథ తెలిసిపోతోంది. ఆపే మార్గముందా?

జవాబు: ఎక్స్‌లో (పాత ట్విటర్) ప్రైవసీ సెట్టింగుల్లో ‘మ్యూటెడ్ వర్డ్స్’ ఉంది, అందులో చేర్చిన పదాలున్న పోస్టులు మీ ఫీడ్‌లో కనిపించవు. సిరీస్ పేరు, ముఖ్య పాత్రల పేర్లు, అభిమానులు వాడే పొట్టి పేర్లు తెలుగు, ఇంగ్లిష్ లిపులు రెండింటిలోనూ చేర్చండి. గడువును 24 గంటలు, 7 రోజులు, 30 రోజులుగా పెట్టుకోవచ్చు. పదాన్ని చేరిస్తే దాని హ్యాష్‌ట్యాగ్ కూడా ఆగుతుంది, ఫొటోలో రాసి ఉన్నది మాత్రం ఆగదు. యూట్యూబ్‌లో కథ ముందే చెప్పేసే చానల్ ఎదురైతే మూడు చుక్కలపై నొక్కి, దాన్ని ఇక సిఫార్సు చేయవద్దని చెప్పండి. మ్యూట్ చేసిన పదాలు ఎక్స్ సెర్చ్‌లో మాత్రం యథావిధిగా కనిపిస్తాయి, కాబట్టి ఎపిసోడ్ చూసేవరకు అక్కడ సిరీస్ పేరు వెతకకండి.